కేసింగుకీ మూతకీ మధ్య సందు

మా తోడికోడలి కంప్యూటరులో మెష్ ఒక్క తప్పూ లేకుండా పూర్తయిందంటే నాకు ఆ పూట అన్నం సయించేది కాదు. దాచుకోవడానికేముంది, అది కుళ్ళే. తెనాలిలో మా ఇంటి మేడ మీద ఒకే గది. అందులో ఒకే పొడవాటి బల్ల. దానికి అటు చివర ఆమె, ఇటు చివర నేను కూర్చుని, హైదరాబాదులోని ఒకే ఆఫీసుకు ఇంటి నుంచే ఒకే పని చేస్తుంటాం. మెష్ పూర్తవగానే కంప్యూటరు టింగుమంటుంది. నాదీ అంటుంది కానీ ఆమెది ముందు అంటుంది. ఆ చప్పుడు చెవిన పడకుండా నేను ఫ్యాను స్పీడు పెంచుకునేదాన్ని.

ఆ పనేమిటో చెబితే గానీ నా బాధ అర్థం కాదు. కంపెనీల వాళ్ళు తాము తయారు చేయబోయే పంపో, వాల్వో, గేరు పెట్టో ముందుగా కంప్యూటరులో గీసి, ఆ బొమ్మ ఫైలును మా ఆఫీసుకు పంపిస్తారు. బొమ్మంటే కాగితం మీది బొమ్మ కాదు. పొడవూ వెడల్పూ లోతూ ఉండి, ఎటు కావాలంటే అటు తిప్పి చూడగలిగేది. ఆ వస్తువు ఒత్తిడికి ఎక్కడ పగులుతుందో తయారు చేయకముందే లెక్కగట్టాలంటే, దాన్ని లోపలా బయటా చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టాలి. ఆ ముక్కల అల్లికే మెష్. కొత్తలో మా అత్తగారు అడిగితే, "వల లాంటిదత్తయ్యా, కాకపోతే చేప కడుపులో కూడా వలే ఉంటుంది" అని చెప్పాను. నాది రేపల్లె, నాకు తట్టింది అదే. "అయితే ఆ చేపింకేం బతుకుద్దే" అని ఆవిడ నవ్వి ఊరుకున్నారు. కొన్నేళ్ళకు చిన్నకోడలు వచ్చి, "గోడలో ఏ ఇటుక మీద ఎంత బరువు పడుద్దో ఒక్కో ఇటుకా విడిగా లెక్కెయ్యడం అత్తయ్యా" అంది. అత్తగారికి వెంటనే బోధపడింది. బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి కదా, ఆ ఇటుకల మాటను చర్చిలో ఆడవాళ్ళందరికీ పాఠంలా చెప్పారు. నా చేప మాట ఎవరికీ చెప్పలేదు.

ఈ పనిలో అసలు తలనొప్పి మెష్ వేయడం కాదు, వచ్చిన బొమ్మను బాగుచేయడం. ఒక సాఫ్ట్‌వేరులో గీసినదాన్ని ఇంకో సాఫ్ట్‌వేరులోకి తెచ్చేసరికి దారిలో ఏవో ఊడిపోతాయి. రెండు పలకలు కలిసే చోట వెంట్రుకంత సందు మిగులుతుంది. ఒక పలక మీద అచ్చం అలాంటిదే ఇంకోటి పడి ఉంటుంది. మూలల్లో సన్నటి పీలికలు వస్తాయి. మిల్లీమీటర్లలో గీసింది మీటర్లుగా దిగి, అరచేతిలో పట్టాల్సిన వాల్వు తాటిచెట్టు కంటే ఎత్తుగా నిలబడుతుంది. పైకి చూస్తే బొమ్మకేం తక్కువ లేనట్టే ఉంటుంది. మెష్ వేయమని మీట నొక్కగానే సగంలో ఆగి ఎర్ర అక్షరాలు కక్కుతుంది. ఆ ఎర్ర అక్షరాలు కూడా నిజం సూటిగా చెప్పవు. తప్పొక చోట ఉంటే ఇంకో చోటు చూపిస్తాయి. బొమ్మను తిప్పి తిప్పి చూసి, ఒక్కో పలకనూ కనబడకుండా చేసి, వెనకాల ఏముందో చూసుకుంటూ పోవాలి. అందులో నన్ను మించినవాళ్ళు లేరని మా ఆఫీసులో నాకు పేరుండేది. ఆ పేరు మీదే నేను ఇన్నేళ్ళు బతికాను.

ఆమెది బాపట్ల. నేను రేపల్లె నుంచి వెళ్ళి, హాస్టల్లో నీళ్ళ చారు తిని ఇంజనీరింగ్ చదివిన ఊళ్ళోనే, ఆమె అమ్మ చేతి వేడన్నం తిని చదువుకుంది. మా మరిదిని చేసుకుని వచ్చిన కొత్తలో ఖాళీగా ఉంటే, "నీ ఆఫీసులో చిన్నదాని గురించి కూడా ఒక మాట చెప్పరాదా అమ్మా" అని అత్తగారు అడిగారు. చెప్పాను. అక్కడ మా పనులు చూసే సార్ తీసుకున్నారు. పని నేర్పింది కూడా నేనే. ఎర్ర గీత కనబడితే దాని దగ్గరికి ఎలా వెళ్ళాలో, సందులను ఎలా కుట్టాలో పక్కన కూర్చుని నేర్పాను. కొన్నాళ్ళకే ఆమె సందులన్నిటినీ ఒకేసారి వెతికి మూసేసే చిన్న ప్రోగ్రాం రాసుకుంది. నేను ఒక్కోటీ చూసి ఒక్కోటీ కుట్టేలోపు ఆమె కిందికెళ్ళి కాఫీ తాగి వచ్చేది. నాకూ ఆ ప్రోగ్రాం ఇస్తానంది. "నాకొద్దులే, నాకు కంటితో చూసుకుంటేనే తృప్తి" అన్నాను. ఎంత తృప్తో నాకు తెలుసు.

ఒకసారి ఆమెతో కలిసి బాపట్ల వెళ్ళాను. బజారులో మా ఇద్దరికీ పాఠాలు చెప్పిన మాస్టారు ఎదురయ్యారు. ఆమెను చూసి మొహం ఇంత చేసుకుని, ఆమె ఏ సంవత్సరం ఏ ప్రాజెక్టు చేసిందో కూడా గుర్తు చేశారు. తర్వాత నా వైపు తిరిగి, "మీరేం చదువుకున్నారమ్మా?" అన్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో నేను కిటికీ వైపు మొహం పెట్టుకుని నిద్ర నటించాను.

ఇంట్లో సంగతి ఇంకా ఘోరం. సాయంత్రం అన్నాలకు ముందు మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉంటుంది. అత్తగారు కళ్ళు మూసుకుని ఒక్కొక్కరి కోసం విడివిడిగా ప్రార్థిస్తారు. నేనూ కళ్ళు మూసుకునే ఉంటాను కానీ చెవులు కొలుస్తూ ఉంటాయి. నా వంతు "పెద్దమ్మాయికి ఆరోగ్యం దయచేయుము తండ్రీ" అని అయిపోయేది. చిన్నామె వంతు వచ్చేసరికి ఆమె ప్రయాణాలు, బాపట్లలో ఆమె తల్లి మోకాళ్ళు, ఆమె ప్రాజెక్టు గడువు అన్నీ వచ్చేవి. ఆమె చర్చి క్వయర్లో పాడుతుంది కూడా. గొంతు బాగుంటుంది. బాగుంటుందని రాయడానికి చేయి రావడం లేదు. మా ఆయన దగ్గర ఇదంతా వెళ్ళగక్కితే, "ఆరోగ్యం చాలదా ఏంటి నీకు?" అన్నాడు.

రేపల్లెలో మా పిన్ని కూతురి పెళ్ళికి అందరం ప్యాసింజరు రైల్లో వెళ్ళినప్పటి మాట మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను. ఎదురు సీట్లో పెద్దాయన ఒకరు, "మీ కోడళ్ళేం చేస్తారు చెల్లెమ్మా?" అని అత్తగారిని అడిగారు. "ఇద్దరూ ఇంజనీర్లేనండి. మా చిన్నమ్మాయి కంప్యూటరులో ప్రోగ్రాములు రాసుద్ది" అన్నారు ఆవిడ. "మరి పెద్దమ్మాయి?" అన్నారాయన. అత్తగారు కొంచెం ఆలోచించి, "అది చూసుద్దండి" అన్నారు. చూసుద్ది! అదీ నా పుట్టింటికి పోయే రైల్లో. చిన్నామె నవ్వు ఆపుకోవడానికి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. పెళ్ళిలో ఏం తిన్నానో నాకు గుర్తు లేదు.

ఇలా ఉండగా పంపు పని వచ్చింది. రొయ్యల చెరువుల్లోకి నీళ్ళు తోడే పెద్ద పంపు. ఫైలు తెరవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా నాన్న రేపల్లె దగ్గర చెరువులు కౌలుకు చేసేవాడు. సెలవుల్లో నేను ఆ పంపుల మోత మధ్యే పుస్తకాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. ఈ పని నాదే అనుకున్నాను. పైగా సార్ ఫోనులో ఇంకో మాట అన్నారు. ఆ కంపెనీ నుంచి ఇలాంటివి ఇంకా చాలా వస్తాయట. ఒకరిని లీడ్‌గా పెట్టి క్లయింటుతో నేరుగా మాట్లాడిస్తారట. "మీ ఇద్దర్లో ఒకరండి. ఈ మెష్ వెళ్ళాక చెబుతాను" అన్నారు. ఇన్నేళ్ళుగా నేను బాగుచేసిన బొమ్మలను ఎవరెవరో క్లయింట్లకు చూపించి మాట్లాడుతుంటే, మైకు ఆపుకుని వింటూ వచ్చాను. లీడ్ అంటే ఆ మాటలు నేనే మాట్లాడటం. అది నాకు కావాలి. ఆమెకూ కావాలని ఆమె మొహంలో కనబడింది. ఆ రోజంతా బల్లకు చెరో చివరా తలెత్తకుండా పనిచేశాం.

సార్ పనిని రెండుగా పంచారు. పంపు బయటి డొల్ల, అంటే కేసింగు, ఆమెకు. దాని మీద బిగించే మూతా, లోపల తిరిగే రెక్కల చక్రమూ నాకు. ఇల్లు ఆమెకిచ్చి తలుపు నాకిచ్చినట్టనిపించి మొదట్లోనే మొహం మాడ్చుకున్నాను. ఎవరి భాగం వాళ్ళు బాగుచేసి, విడిగా మెష్ వేసి సరిచూసుకుని, ఆఫీసు ఫోల్డరులో పెట్టాలి. తర్వాత రెండూ కలిపి మొత్తం పంపుకు మెష్ వేసే పని నాది.

చూస్తే కేసింగుకీ మూతకీ మధ్య చుట్టూతా సన్నటి సందు ఉంది. అన్ని చోట్లా ఒకే మందం, కాబట్టి దారిలో ఊడిపోయి వచ్చిన సందు కాదు. అదేమిటో నాకు చూడగానే తెలిసిపోయింది. ఆ రెండింటి మధ్య నీళ్ళు కారకుండా రబ్బరు గాస్కెట్ పెడతారు. మా నాన్న పంపుకు అది చిరిగితే గట్టంతా బురదయ్యేది. ఫైలు పంపినవాళ్ళు గాస్కెట్‌ను వదిలేశారు, దాని చోటు ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీ ఉన్నంతవరకూ మూత గాల్లో తేలుతున్నట్టే లెక్క. నా మూత అంచును ఆ మందం మేర ముందుకు జరిపాను. చక్కగా వెళ్ళి కేసింగుకు ఆనుకుంది.

ఇక్కడ మామూలు మనుషులైతే తల పక్కకు తిప్పి, "సందు నేను మూసేశాను, నువ్వు ముట్టుకోకు" అంటారు. ఆమెకూ నాకూ మధ్య రెండు చేతుల దూరం కూడా లేదు. కానీ గాస్కెట్ సంగతి కనిపెట్టింది నేనని సార్‌కి తెలిసేలోపు, ఆమె ముందే తెలిసినట్టు మాట్లాడేస్తుందేమోనని నా భయం. మెష్ వెళ్ళాక నేనే చెప్పి ఔరా అనిపించుకోవాలని ఆశ. అందుకని నోరు మూసుకున్నాను. మధ్యలో ఆమె, "మీ మూత ఎట్లా ఉందక్కా?" అని అడిగింది. "బ్రహ్మాండంగా ఉంది. నీ కేసింగో?" అన్నాను. "అదీ బానే ఉందక్కా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

మర్నాడు పొద్దున రెండు భాగాలూ కలిపి మీట నొక్కాను. సగం కూడా పోకుండా ఆగిపోయింది. పలకలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయాయని ఎర్ర అక్షరాలు. చూపించిన చోటేమో బోల్టు రంధ్రాల దగ్గర. అక్కడున్న పీలికలన్నీ కలిపేశాను. మళ్ళీ అదే. ముక్కల సైజు తగ్గిస్తే ఎర్ర అక్షరాలు ఇంకా పెరిగాయి. కొలతలు మిల్లీమీటర్లలోనే ఉన్నాయా అని చూశాను, ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, లోపల ఒక మూల హాయిగా ఉంది. ఆమె ప్రోగ్రాం కేసింగులో మూయకూడనిదేదో మూసేసి ఉంటుందనుకున్నాను. నా మూతకు విడిగా మెష్ వేస్తే ఒక్క తప్పు లేదు. "నాది బానే ఉందమ్మా, నీదొకసారి చూసుకో" అన్నాను, గొంతులోకి వీలైనంత తేనె తెచ్చుకుని. ఆమె తన కేసింగుకు విడిగా మెష్ వేసి చూపించింది. దానిలోనూ తప్పు లేదు.

విడివిడిగా రెండూ బంగారం, కలిపితే పనికిరావు. మా అత్తగారు మా ఇద్దరి గురించి ఎవరితోనైనా ఆ మాటే అని ఉంటే నేను కాదనేదాన్ని కాదు.

మధ్యాహ్నానికల్లా పంపాలని సార్ ఫోన్ చేశారు. ఇక అన్నీ పక్కన పెట్టి నా పాత పద్ధతిలోకి దిగాను. బొమ్మను నిలువునా కోసి, కోసిన అంచును పెద్దది చేసుకుంటూ పోయాను. మూత అంచూ కేసింగు అంచూ కలిసే చోట ఒకే గీత ఉండాలి. రెండున్నాయి. మధ్యలో సన్నటి పట్టీ. ఆ పట్టీ మూతలోనూ ఉంది, కేసింగులోనూ ఉంది. కొలిస్తే సరిగ్గా గాస్కెట్ మందం.

ఎవరికి వాళ్ళం ఆ సందును మూసేశాం. నేను మూతను కేసింగు దాకా జరిపాను. ఆమె కేసింగును మూత దాకా జరిపింది. ఒకే కూరలో ఇద్దరం ఉప్పేశాం. మా వంటింట్లో అది నిజంగా జరిగే పనే, పొయ్యి దగ్గర కూడా ఒకరినొకరం అడగం కాబట్టి.

"నువ్వు కూడా జరిపావా?" అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. "మీరు కూడానా?"

"నాకెందుకు చెప్పలేదే?"

"మీరెందుకు చెప్పలేదు?" అంది, ఎన్నడూ నాకు ఎదురు చెప్పని మనిషి. తర్వాత కుర్చీ నా వైపు తిప్పుకుని, "చెబితే మీరు లీడ్ అయిపోతారనక్కా" అంది. "మిమ్మల్ని చూసి ఎంత కుళ్ళుకుంటానో మీకేం తెలుసు? ఫైలు తెరవగానే ఎక్కడ తేడా ఉందో మీకు కనబడిపోద్ది. నాకు కనబడదు. అందుకేగా ఆ ప్రోగ్రాం రాసుకుంది. అయినా ఏదన్నా తిరకాసు వస్తే సార్ నాతో ఏమంటారో తెలుసా? 'ఒకసారి మీ అక్కగారికి చూపించండి' అంటారు. ఆ మాట వింటే ఒళ్ళు మండుద్ది నాకు. ఈ గాస్కెట్ ఒక్కటన్నా నేనే పట్టుకున్నానని చెప్పుకుందామనుకున్నా."

నాకు కోపం రావాల్సింది. రాలేదు సరికదా, గుండెలో చల్లగా అయింది. నన్ను చూసి కుళ్ళుకునే మనిషి ఒకరున్నారు, అదీ ఈమె! ఆ మాట ఇంకోసారి చెప్పించుకోవాలనిపించి, "సార్ నిజంగా అట్లా అంటారా?" అని అడిగాను. "అంటారు" అంది ఏడుపు మొహంతో. ఆ మొహం చూసి జాలిపడ్డానంటే అబద్ధం. చాలా సంతోషించాను.

ఆ సంతోషం కాసేపే. మెష్ పడాలంటే ఇద్దరిలో ఒకరు వెనక్కి తగ్గాలి. "నీది తీసెయ్" అన్నాను. "మీది తీసేయండి" అంది. ఎంతసేపు వాదించుకున్నా తెగకపోయేసరికి, కంపెనీ వాళ్ళు ఫైలుతోపాటు పంపిన కొలతల డ్రాయింగు చూద్దామంది. ఒకే తెర ముందుకు కుర్చీలు లాక్కుని చూశాం. కేసింగు అంచు మందాన్ని గాస్కెట్‌తో కలిపి ఒకే కొలతగా వేశారు. మూత కొలత మాత్రం ఫైలులో ఎంత వచ్చిందో అంతే ఉంది. అంటే జరపాల్సింది కేసింగునే, మూతను ముట్టుకోకూడదు.

ఆమె డ్రాయింగు మూసేసి తన కుర్చీ వెనక్కి లాక్కుంది. ఏదన్నా అనుంటే బాగుండేది, పోట్లాడటానికి వంకైనా దొరికేది. నేను నా చివరికి వెళ్ళి, జరిపిన మూత అంచును నా చేత్తోనే వెనక్కి జరిపాను. చూస్తుండగానే మూత, మొదట ఫైలు తెరిచినప్పుడు ఎలా ఉందో అలా అయిపోయింది, నేను దాన్ని ముట్టుకోనే లేదన్నట్టు. రెండూ కలిపి మీట నొక్కాను. ముక్కలు అల్లుకుంటూ వెళ్ళి పంపంతా నిండాయి. ఒక్క ఎర్ర అక్షరం కూడా రాలేదు. గాస్కెట్ మిస్సయిందనీ, ఇద్దరం చెరోవైపు నుంచి సందు మూశామనీ, చివరికి ఒకరిదే ఉంచామనీ రెండు ముక్కలు రాసి సార్‌కి పంపాను.

సార్ వీడియో కాల్‌లోకి వచ్చారు. వెనకాల ఎవరో ఆయన్ను తొందర పెడుతున్నారు. "వచ్చేసింది కదా, గుడ్. గాస్కెట్ మిస్సయిందని రాశారు. చివరికి ఎవరి ఫిక్స్ ఉంచారండి?" అన్నారు.

ఆమె నా వైపు చూసింది. చెప్పమనీ కాదు, వద్దనీ కాదు. 'ఇద్దరం పట్టుకున్నాం సార్' అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ ఆయన అడిగింది అది కాదు.

"తనదే సార్. కేసింగు వైపే కరెక్టు" అన్నాను.

"కానీ సార్, తేడా ఎక్కడుందో పట్టుకుంది అక్కే..." అని ఆమె అంటూనే ఉంది. సార్‌కి కావలసింది అప్పటికే దొరికింది. "సరే, రేపట్నుంచి క్లయింటు కాల్స్‌కి మీరు కూర్చోండమ్మా. అక్కగారు ఎటూ పక్కనే ఉంటారు కదా, సపోర్టు చేస్తారు" అని పెట్టేశారు.

అక్కగారు పక్కనే ఉంటారు! ఆమె ఏదో అనబోతుంటే, "ముందు మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పు" అన్నాను. ఫోన్ తీసుకుని డాబా మీదికి వెళ్ళింది. కాసేపటికి అక్కణ్ణుంచి నవ్వు వినబడింది. నవ్వకేం చేస్తుంది, నేనైతే గంతులేసేదాన్ని.

నేను గబగబా కిందికి దిగాను. ఈ కబురు అత్తగారికి ఆమె నోటి నుంచి చేరి, ఆవిడ మురిసిపోతుంటే పక్కన నిలబడి చూడటం నా వల్ల కాదు. నేనే చెప్పేస్తే పరువైనా దక్కుతుంది. ఆవిడ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని గోంగూర ఆకు గిల్లుతున్నారు. మొహాన ఇంత నవ్వు పులుముకుని, "చిన్నమ్మాయిని లీడ్ చేశారత్తయ్యా. ఇక క్లయింట్లతో తనే మాట్లాడుద్ది" అన్నాను. స్తోత్రం తండ్రీ అని ఆవిడ చేతులెత్తుతారని చూస్తున్నాను.

ఆవిడ చేతులెత్తలేదు. గోంగూర కాడ పట్టుకుని నా మొహంలోకి చూశారు.

"మరి నీకు?" అన్నారు.

"నాకేంటత్తయ్యా. ఇచ్చేది ఒకరికేగా."

"ఒకరికైతే నీకివ్వాలి గదా! దానికి నేర్పిందెవరు? ఇన్నేళ్ళ నుంచి ఆ మేడ మీద కళ్ళు పోగొట్టుకుంటుందెవరు? వాళ్ళకేం తెలుసు? ఆ సారెవరో నంబరియ్యి, నేను మాట్లాడతా" అని పీట మీద నుంచి లేవబోయారు.

నవ్వు మొహం ఇక నిలవలేదు. ఆవిడ పక్కన నేల మీద కూలబడి, ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి ఆవిడ ముందు ఏడ్చాను. ఇంతలో డాబా మెట్ల మీద చిన్నామె చెప్పుల చప్పుడైంది. "ఊరుకో, అది చూస్తే నీకే నామోషీ" అని నా చెవిలో అని, అత్తగారు ఆకు పసరంటిన చేతులతోనే చీర కొంగు తీసి నా మొహానికి అడ్డం పెట్టారు. "అక్క కంట్లో ఏదో పడిందే, నేను చూస్తున్నాలే. నువ్వు పైకి పో, మీ ఆయనకి కూడా చెప్పుకో పో" అని మెట్ల వైపు కేకేశారు.